తిన్నె సంఘం దొరస్వామి

కాళ్ళు కడుక్కుంటూనే తిరుమలయ్య అడిగాడు. "ఆ మూల కూర్చున్న పిల్లోడు ఎవురప్పా? వారంగా చూస్తాండా, ఎవురి బిడ్డో తెలీలా."

తిరుమలయ్య తిరుపతిలో ఒక సత్రం గుమాస్తా. సుబ్బులమ్మ పూటకూటింట్లో మొదటి నుంచీ తింటున్న మనిషి. ఆయన వెంట తక్కిన గుమాస్తాలు కూడా వస్తారు. ఆయన మూతి ముడిస్తే వాళ్ళందరి మూతులూ ముడుచుకుంటాయి. వాళ్ళ వల్లే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. కాలేజీ పిల్లలు తినేది కొండంత, ఇచ్చేది గోరంత.

"మా ఊరి పక్కోడేలే మామా. రెడ్ల పిల్లోడు," అన్నాడు ఆ పిల్లల్లో ఒకడు, గోడకేసి చూస్తూ.

సుబ్బులమ్మ మేనల్లుడు దొరస్వామి కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. అబద్ధమాడినవాడి వైపు ఒకసారి చూసి, "ముందు కూర్చోండి పెద్దాయనా. అన్నం సల్లారిపోతాది. తర్వాత నేను చెప్తా," అన్నాడు.

తిరుమలయ్య కూర్చున్నాడు. సుబ్బులమ్మ అన్నం పెట్టి పప్పు పోసింది. ఆ రోజు అలసంద వడలు చేసింది. తిరుమలయ్యకు వడలంటే ప్రాణమని రెండు ఎక్కువే వేసింది. ఆయన ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాక దొరస్వామి గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు చెప్తా వినండి. మావోడు చెప్పింది అబద్ధం. ఆ పిల్లోని పేరు గురప్ప. నాయుడుపేట పక్కన మాలపల్లె వాళ్ళది. నా క్లాసులోనే చదువుతాండాడు."

తిరుమలయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నోట్లో ముద్ద మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకున్నాడు. ఈ సంగతి సుబ్బులమ్మకూ తెలియదు. తెలియదని పదిమందిలో ఒప్పుకునే రకం కాదు ఆమె.

"ఏమ్మా సుబ్బులమ్మా, నీకు తెలిసే కూర్చోబెట్టినావా?"

"తెలిస్తే నీకొచ్చి చెప్పాల్నా? నువ్వేమన్నా నా మామవా?"

గుమాస్తాలలో ఒకడు నవ్వి, తిరుమలయ్య చూపు తగిలి తల దించుకున్నాడు.

"లేవాలనుంటే లెయ్యండి పెద్దాయనా," అన్నాడు దొరస్వామి నెమ్మదిగా. "గురప్ప మాత్రం లెయ్యడు. వారమంతా ఆయప్పకు ఎదురుగానే తిన్నారు గదా, కడుపునొప్పి వచ్చిందా? నిన్నటి దాకా తియ్యంగా ఉన్న పప్పు ఈ పొద్దు ఊరిపేరు తెలిసేసరికి చేదెక్కిందా?"

"నువ్వు కావాలనే వడ్డించిందాకా ఆగినావు గదరా!"

"అవును," అన్నాడు దొరస్వామి.

వడ్డించిన విస్తరి ముందు నుంచి మధ్యలో లేచినవాడికి ఆ పూట ఇంకెక్కడా తినే ఆచారం లేదు. లేస్తే సాయంత్రం దాకా పస్తు, పైగా వడలు. తిరుమలయ్య వడల వైపు చూశాడు, గురప్ప వైపు చూశాడు, బుగ్గన ఉన్న ముద్దను మింగాడు. "రేపు చూసుకుంటా మీ సంగతి," అన్నాడు. మరునాడూ వచ్చాడు. ముఖం ఇంకో వైపు తిప్పుకుని తిన్నాడు గానీ, తిన్నాడు.

ఆ గెలుపుకు పిల్లలంతా దొరస్వామి వీపు తట్టారు. గురప్ప ఒక్కడే చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. గిన్నెలు తీసుకుని అక్కడికి వచ్చిన సుబ్బులమ్మకు, గురప్ప తన వెనకే వచ్చిన దొరస్వామితో అంటున్న మాటలు వినబడ్డాయి.

"బాగా గెలిచినావు అన్నా. చెప్పింది మాత్రం నా కులం, నీది కాదు. నన్నొక మాట అడిగినావా?"

దొరస్వామి తల వంచుకుని లోపలికి పోయాడు. ఎదుటివాడి నోరు మూయించడం తెలిసిన కుర్రవాడు తల వంచడం సుబ్బులమ్మ అదే మొదటిసారి చూసింది.

అది నలభై ఐదో సంవత్సరం. యుద్ధం అప్పుడే ముగిసింది. కొండ కింద కొత్తగా కాలేజీ పెట్టారు. పరీక్షలు పెట్టేదీ పట్టాలిచ్చేదీ మద్రాసు యూనివర్సిటీ. పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మునస్వామి, కాలేజీ తెరిచారన్న కబురు వినగానే కొడుకును బొగ్గుతో నడిచే బస్సెక్కించి తెచ్చి చెల్లెలి ఇంట్లో దింపాడు. "సుబ్బులూ, వీన్ని కలెక్టర్ని చేసి పంపించు," అన్నాడు, అదేదో రాగులు విసిరి ఇచ్చినంత సులువన్నట్టు. మొగుడు పోయి తిరుపతి చేరిన చెల్లెలు పొయ్యి ఊదుకుని బతుకుతున్న ఇన్నేళ్ళలో ఆయన ఆ గడప తొక్కింది అరుదు. పొలమూ ఆవులూ ఉన్న పెద్దరైతు. చెల్లెలు పూటకూళ్ళు పెడుతోందని నలుగురిలో అనడం ఆయనకు నామోషీ.

మునస్వామికి రెండే గర్వాలు. ఒకటి ఆడిన మాట తప్పడని ఊళ్ళో ఉన్న పేరు. రెండోది మీసం. దొరస్వామికి మీసం మొలిచిన ఏడాది ఆయన మంగలిని ఇంటికి పిలిపించి, చివరలు తానే దగ్గరుండి కత్తిరింపజేసి, కొడుకు ముఖానికి అద్దం పట్టి, "సూడు, నేనే ఉండా దాంట్లో," అన్నాడట. ఆ మాట తలచుకున్నప్పుడల్లా దొరస్వామి నవ్వేవాడు. నవ్వుతూనే మీసం సవరించుకునేవాడు.

వడల గొడవ జరిగిన కొన్నాళ్ళకే సుబ్బులమ్మ ఇంటి ముందు రాతి తిన్నె మీద పిల్లల సంఘం మొదలైంది. దానికి వాళ్ళేదో పొడుగాటి పేరు పెట్టుకున్నారు. అందులో విద్యార్థి అనే మాటా ప్రజా అనే మాటా ఉండేవి. వీధి మాత్రం తిన్నె సంఘమనే పిలిచింది. పొద్దు వాలేసరికి అందరూ చేరేవారు. ఖద్దరు తొడుక్కున్నవాళ్ళూ, ఎర్రజెండా వాళ్ళూ, ఏ జెండా లేకుండా సాయంకాలపు బొరుగుల కోసం వచ్చేవాళ్ళూ. అరుపులు వీధి చివరిదాకా వినబడేవి.

రెండు రోజులు ఓర్చుకుని మూడోనాడు సుబ్బులమ్మ చీపురు పట్టుకునే బయటికి వచ్చింది. "ఒరే, మీరు దేశాన్ని ఏలుకోండి, నాకేం పని లేదు. నా తిన్నె మీద నోరు తెరిచినోడు మాత్రం దిగంగానే నాకొక బిందె నీళ్ళు తోడి పోసి పోవాల. లేదంటే యాడన్నా చింతచెట్టు కిందికి పోయి అరుసుకోండి."

అదే ఆ సంఘానికి రాజ్యాంగమైంది. ఒకసారి మాట్లాడితే ఒక బిందె. అడ్డం తగిలితే ఇంకో బిందె. పొట్టిగా మాట్లాడటం పిల్లలు ఏ మేష్టరు దగ్గరా నేర్చుకోలేదు, ఆ బావి చేంతాడు నేర్పింది. గురప్ప మొదటిసారి లేచి మాట్లాడిన రోజున అందరూ బావి వైపే చూశారు. వాడు బిందె ఎత్తుకోలేదు, తిన్నె దిగి నిలబడ్డాడు. సుబ్బులమ్మకు ఇరుగుపొరుగు కళ్ళు తన వీపున గుచ్చుకుంటున్నట్టు తెలుసు. వద్దంటే తాను పెట్టిన షరతు తానే మింగినట్టు. ఆమెకు మింగే అలవాటు లేదు.

"ఏం రా, నువ్వొక్కడివే దొరబిడ్డవా? తోడు!" అంది.

ఆ తర్వాత పక్కింటివాళ్ళు ఆ బావి నీళ్ళు మానేశారు. మానేస్తే మానేయనీ అనుకుంది. బావి తన పెరట్లోది.

నలభై ఆరు మొదట్లో బొంబాయిలో నావికులు తిరగబడ్డారని కబురు వచ్చినప్పుడు తిన్నె సంఘం కాలేజీ మూయించింది. దొరస్వామి ముందు, గురప్ప పక్కన, జనం వెనక; బజారంతా ఊరేగారు. ఆ ఏడాదంతా సుబ్బులమ్మ ఇంట్లో నీళ్ళకు కొదవ లేదు. తొట్లు నిండి పెరట్లోకి పొర్లేవి. ఆ పొర్లిన నీళ్ళతో ఆమె వంకాయలు కాయించింది. స్వరాజ్యం వచ్చిన రోజున అదే తిన్నె మీద జెండా కట్టి పిల్లలు బెల్లం పంచారు. తిరుమలయ్య కూడా వచ్చి చెయ్యి చాపాడు. పంచేవాడు గురప్ప అని చూసుకున్నాక కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ మరుసటి నెల నుంచే తొట్లు తరగడం మొదలైంది. ఖద్దరు పిల్లలు, "ఇంక సంఘమెందుకు, వచ్చేసింది గదా," అని మానేశారు. బొరుగుల పిల్లలు పరీక్షలని మానేశారు. మిగిలినవాళ్ళు కంట్రోలు బియ్యం గురించి పట్టుకున్నారు. డిపోలో బియ్యం ఉండి కూడా లేవంటున్నారని, జనాన్ని తెల్లవారి నుంచి వరుసలో నిలబెట్టి వట్టి సంచులతో పంపుతున్నారని. మునుపు స్వరాజ్యమంటే చప్పట్లు కొట్టిన బజారు, బియ్యమంటే తలుపులు వేసుకుంది. చప్పట్లు కొట్టినవాళ్ళలో బియ్యం దాచినవాళ్ళూ ఉన్నారు మరి.

నలభై ఎనిమిది ఎండాకాలంలో దొరస్వామి డిపో ముందు నిలబడి మాట్లాడాడు. జనం డిపో తలుపులు తోసుకుని లోపలికి పోయారు. వాడు తొయ్యమనలేదు, ఆపనూ లేదు. అప్పటికే ఎర్రజెండా పట్టినవాళ్ళను ఎక్కడికక్కడ పట్టుకుంటున్నారు. మరునాటికల్లా దొరస్వామి కోసం పోలీసులు వచ్చారు. పొడుగాటి మనిషి, చివర్లు కత్తిరించిన మీసం, నడినెత్తి నుంచి తీసిన పాపిడి. ఇవీ వాళ్ళ దగ్గరున్న గుర్తులు.

పిల్లలు తిరుపతి పిల్లలు గనుక తిరుపతి ఉపాయమే వేశారు. సంఘంలో మిగిలినవాళ్ళంతా కొండకు పోయి తల ఇచ్చి వచ్చారు. వేలమంది గుండ్లు తిరిగే ఊళ్ళో పది గుండ్లను ఎవరు వెతుకుతారు? గురప్ప కూడా గుండు గీయించుకున్నాడు.

పెరటి దారిన వచ్చిన దొరస్వామిని చూసి సుబ్బులమ్మ చేతిలో చేట జారింది. గుండుకు కాదు.

"ఒరే పాపిష్టోడా! మీసం యాల తీసినావురా? మీ నాయన రాయి మాదిరి ఉండాడు గదరా!"

తండ్రి బతికున్న కొడుకు కొండ మీద తల ఇచ్చినా మీసం ఇవ్వడు. పెదవి మీద వెంట్రుక లేదంటే ఇంట్లో తండ్రి పోయినట్టే లెక్క. మిగిలిన పిల్లలంతా మీసాలు ఉంచుకునే వచ్చారు. తిరుపతి పోలీసులకూ అది తెలుసు. మీసమున్న గుండ్లనే ఆపి చూస్తున్నారు.

"అందుకే తీసినా అత్తా," అన్నాడు దొరస్వామి. పెదవిని చేత్తో మూసుకునే మాట్లాడుతున్నాడు. "వాళ్ళు నాయన ఉన్నోని కోసం వెతుకుతాండారు. నేనే తియ్యమన్నా. ఆ మంగలాయన రెండు తూర్లు అడిగినాడు, మీ నాయన లేడా అని. తలకాయ ఊపినా." మళ్ళీ తానే, "నాయన సూసేలోగా మొలుస్తాది లే," అన్నాడు.

"తలకాయ ఊపినాడంట, తలకాయ!" అంది సుబ్బులమ్మ. అని, అన్నం పెట్టింది.

మీసం మొలవడానికి ఎవరూ గడువు ఇవ్వలేదు. మద్రాసు పక్కకు పోయే బస్సు కోసం దొరస్వామి యాత్రికులలో కలిసి నిలబడి ఉన్నాడు. హెడ్డు కానిస్టేబులు ఓబయ్య ఆ వరుసను రెండుసార్లు చూసుకుంటూ పోయాడు; నున్నటి పెదవిని చూసి తండ్రి లేని పిల్లవాడనుకుని వదిలేశాడు. అప్పుడే పలమనేరు బస్సు దిగింది దేవకమ్మ. మునస్వామికి వరుసకు పిన్నమ్మ కూతురు, ముడుపు చెల్లించడానికి వచ్చింది. ఆమె దొరస్వామిని చూసింది, గుండు చూసింది, పెదవి చూసింది. చేతిలో మూట కింద పారేసి, నెత్తి కొట్టుకుంటూ నడిబజారులో ఏడుపందుకుంది.

"ఓ మునస్వామన్నా! నాకొక మాటన్నా చెప్పకుండా పోయినావా అన్నా! నిన్నగాక మొన్న సంతలో మాట్లాడితివే! ఒరే దొరస్వామీ, మీ నాయన ఎప్పుడు పోయినాడ్రా నాయనా?"

"లేదు అత్తా, ఊరుకో, నాయన బాగుండాడు," అని వాడు గొంతు తగ్గించి ఎంత చెప్పినా ఆ ఏడుపులో ఆమె చెవికి ఆ మాట సోకలేదు. జనం మూగారు. ఓబయ్య వెనక్కి తిరిగి వచ్చాడు. "ఏం పేరు చెప్పినావమ్మా?" అని ఆమెనే అడిగాడు. ఆమె ఊరితో సహా చెప్పింది.

ఓబయ్య వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "నడువప్పా," అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఆ బజారులో చూసినవాళ్ళు అందరూ యాత్రికులే. సాయంత్రానికల్లా ఎవరి ఊరికి వాళ్ళు పోయారు.

దేవకమ్మ మాత్రం ముడుపు సంగతి మరిచి తిరుగు బస్సెక్కింది. పల్లెకు పోయేసరికి మునస్వామి పశువుల పాకలో ఎద్దుకు లాడం కొట్టిస్తున్నాడు. ఆమె మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. ఆయనకు సంగతి అర్థమైంది. కొడుకును పోలీసులు పట్టుకున్నారన్న మాట ఆయన చెవికి ఎక్కలేదు. మీసం ఒక్కటే ఎక్కింది.

"బతికుండంగానే నన్ను తగలబెట్టినాడా? సరే. ఇంక వాడు నా కర్మ కూడా చేసేసినట్టే. నేను పోయినప్పుడు వాన్ని పిలవొద్దండి," అన్నాడట. ఆ మాట తిరుపతికి కబురుగా వచ్చింది. సుబ్బులమ్మకు అన్న సంగతి తెలుసు. అన్నాడంటే అన్నాడే.

ఇక్కడ సంఘం నీళ్ళు లేని తొట్టిలా అయింది. దొరస్వామి చిత్తూరు జైల్లో ఉన్నాడు. గురప్పా ఇంకో నలుగురూ తిన్నె మీద కూర్చునేవారు, ఎవరూ మాట్లాడేవారు కాదు. సుబ్బులమ్మ నీళ్ళు తానే తోడుకునేది. తర్వాత కొన్నాళ్ళు గురప్ప కనబడలేదు. మళ్ళీ వచ్చేసరికి వాడి వెంట చేతికర్రతో మునస్వామి ఉన్నాడు, ఆయన వెనక పల్లె నుంచి వచ్చిన రైతులు ఉన్నారు.

గురప్ప పలమనేరు దాకా పోయి ఆయన గడప ముందు నిలబడి చెప్పాడు: మీసం దొరస్వామి తీయించుకోలేదు, స్టేషనులో పోలీసులు పట్టుకుని గీసేశారు అని. "నువ్వు సూసినావా?" అని మునస్వామి అడిగాడు. "సూసినా," అన్నాడు గురప్ప. దేవకమ్మ ముందే చూసింది గదా అని ఎవరో అంటే, "ఆ ఏడుపులో ఆయమ్మ ఏం చూసిందో ఏం చూడలేదో," అనేశాడట మునస్వామి. నమ్మాలని ఉన్నవాడికి అంత సందు చాలు.

రైతు మీసం మీద పోలీసు కత్తి పెట్టాడన్న మాటకు తిరుపతి కదిలింది. బియ్యమంటే తలుపులు వేసుకున్న బజారు, మీసమంటే తలుపులు తెరిచింది. గోడల మీద బొగ్గు రాతలు లేచాయి. కాలేజీ మళ్ళీ మూతపడింది. మానేసిన ఖద్దరు పిల్లలు తిరిగొచ్చారు. తొట్లు మళ్ళీ నిండాయి. సంఘం సంగతి విన్నప్పుడు, తిన్నె మీద కూర్చుని దేశాన్ని ఏలతారా అని ఎగతాళి చేసిన మునస్వామి అదే తిన్నె మీద నిలబడి, కర్ర ఎత్తి, "నా కొడుకు మానం నాకు తెచ్చియ్యండి," అని అరిచాడు. దిగాక ఆయన కూడా ఒక బిందె తోడాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ తన పక్కన నేల తట్టాడు. "సుబ్బులూ, ఈ పిల్లోనికి ఈడ ఆకు వెయ్యి."

"అన్నా, వాడెవురో నీకు తెలుసునా?"

"తెలుసు. అడిగే కూర్చోబెడతాండా. నా కొడుకు కోసం అంత దూరం నడిచొచ్చినోడు వీడొక్కడే. మీరంతా యాడికి పోయినారు?"

సుబ్బులమ్మ విస్తరి వేసింది. గురప్ప తల ఎత్తకుండా తిన్నాడు. మీసం లేని దొరస్వామి ముఖాన్ని తన పెరట్లో, తన కళ్ళతో, పట్టుబడక ముందే చూసిన మనిషి ఆమె.

చేతులు కడుక్కునే చోట వాణ్ణి పట్టుకుంది. "ఏందిరా నువ్వు చేసింది?"

"తెలిసే చేసినా అమ్మా," అన్నాడు గురప్ప. "సంఘం సచ్చిపోయింది. అన్నకు నాయన లేకుండా పోయినాడు. రెండూ బతికినాయి గదా. ఆ పొద్దు అన్న నా బతుకు పట్టుకోని నిజం చెప్పినాడు. ఈ పొద్దు నేను ఆయన బతుకు పట్టుకోని అబద్ధం చెప్పినా. చెల్లుకు చెల్లు."



ఆ మాటకు జవాబు వెనక గుమ్మం దగ్గరకే వచ్చింది. ఆమెకు విస్తరాకులు కుట్టి ఇచ్చే తాయమ్మ ఓబయ్య పెళ్ళాం. ఆకుల కట్ట దించి, లెక్క పెట్టకుండా నిలబడింది.

"మా ఆయన్ని పనిలోనుంచి నిలిపేసినారమ్మా. విచారణంట. పట్టుకున్నప్పుడే మీసం లేదని మా ఆయన చెప్తే ఎవురూ నమ్మరు. పిల్లోళ్ళు వీధిలోకి పోతే మంగలోని బిడ్డలని రాళ్ళేస్తాండారు. నువ్వు పెద్దదానివి. నీ ఇంట్లోనే గదా ఆ పిల్లోడు ఉన్నింది. నీకు తెలుసునా తెలీదా?"

"నాకేం తెలుస్తాది, పొయ్యికాడ ఉండేదాన్ని," అంది సుబ్బులమ్మ. ఎన్నడూ నాకు తెలియదని ఒప్పుకోని మనిషి ఆ రోజు తెలిసిన సంగతినే తెలియదంది. తాయమ్మ ఆకుల డబ్బులు అడగకుండానే వెళ్ళిపోయింది. ఆ ఆకుల మీద ఆ రోజు అన్నం పెట్టడం సుబ్బులమ్మకు మనసొప్పలేదు. పెట్టింది మాత్రం. జనం తిండికి కూర్చుని ఉన్నారు.

చివరికి ఊరి పెద్దలు తేల్చారు. విచారణ చేస్తున్న అధికారి ఏం రాసుకుంటాడో గాని, కాణిపాకం వినాయకుడి ముందు చేసిన ప్రమాణమే ఊరికి తీర్పు. ఓబయ్య ప్రమాణానికి సిద్ధమన్నాడు. అతనొక్కడూ చేస్తే జనం నమ్మరు, నౌకరీ కోసం దేవుడినైనా ముంచుతాడంటారు. "వాడెందుకు, నేను చేస్తా," అన్నాడు మునస్వామి. "నా కొడుకు మీసం వాడు తీయించుకోలేదు, పోలీసోళ్ళే తీసినారని తడిగుడ్డలతో నిలబడి చెప్తా." అబద్ధపు ప్రమాణం చేసినవాళ్ళు ఆ గుడి దగ్గర ఏమైపోయారో జిల్లా అంతా చెప్పుకుంటుంది. మునస్వామికి ఆ భయం లేదు. తన నోట అబద్ధం రాదని ఆయనకు నమ్మకం.

ప్రమాణానికి ముందు సుబ్బులమ్మ చిత్తూరు వెళ్ళింది. వేరుశనగ ఉండలూ నువ్వులపొడీ మూట కట్టుకుంది. మునస్వామి వెంట రాలేదు. "మీసం పూర్తిగా మొలిచినాక సూస్తా వాన్ని. బోడిముఖం నాకు సూపించొద్దు," అన్నాడు.

కటకటాల వెనక దొరస్వామి తల మీద వెంట్రుక దుబ్బులా లేచింది. పెదవి మీద నల్లటి గీత కనబడుతోంది. మనిషి చిక్కాడు. మూట అందుకుని విప్పకుండా పక్కన పెట్టాడు.

"నాయన ప్రమాణం చేస్తాడంట గదా అత్తా?"

"నీకెవురు చెప్పినారు?"

"ఈడ అందరూ అదే మాట. నేను అధికారి ముందర చెప్పినా, నేనే తీయించుకున్నానని. పోలీసోళ్ళు కొట్టి చెప్పించినారని బయట మనోళ్ళే అంటాండారంట. నేను ఎంత నిజం చెప్తే అంత కొట్టినట్టు అయిపోతాండాది." నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఓబయ్యకు పిల్లోళ్ళు ఉండారా?"

"ఉండారు."

దొరస్వామి కటకటాలు పట్టుకుని నేల చూశాడు. సుబ్బులమ్మకు వాడు ఏమడగబోతున్నాడో తెలిసిపోయింది. అడగకముందే నోరు చేసుకుంది.

"నువ్వేం మాట్లాడొద్దు. మీ నాయన వచ్చినాడు, తిన్నె ఎక్కినాడు. ఆ గురప్పను పక్కన కూర్చోబెట్టుకోని తింటాండాడురా! ఆ మనిషి! నీ సంఘం చెయ్యలేని పని అది. ఇప్పుడు నిజం చెప్తే ఏం మిగుల్తాది? మీ నాయన నీ ముఖం సూడడు. గురప్పను గడప తొక్కనియ్యడు. సంఘాన్ని బజారే రాళ్ళేసి తరుముతాది. ఒక కానిస్టేబులు నౌకరీ కోసం ఇంతా పోగొట్టుకుంటావా?"

"గురప్పకు ఒక మాట బాకీ ఉండా అత్తా. ఆ పొద్దు వాన్ని అడక్కుండా వాని సంగతి పదిమందిలో పెట్టినా. గెలిచినా గదా అనుకున్నా. ఈ తూరి నా సంగతే పెడతా. పోయేదుంటే నాదే పోనీ."

"నీదే పోదురా, నా అన్నది కూడా పోతాది!"

"నాయన దగ్గర ఉండేది ఆ నోరొక్కటే. దాన్ని నా కోసం దేవుని ముందర అబద్ధం చేస్తే, ఆ తర్వాత తెలిస్తే, బతుకుతాడా? తనకు కొడుకు లేడని అనుకుంటే కోపంతోనన్నా బతుకుతాడు."

బయటి నుంచి జవాను టైమయిందని పిలిచాడు. సుబ్బులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు చెప్తేనే నమ్ముతాడు అత్తా. నువ్వు సూసినావు గదా. కాణిపాకానికి బయలుదేరే ముందర మన ఇంట్లోనే తింటాడు. గురప్పను కూడా ఉండమను, వాని వెనక చెప్పొద్దు. ఇంకొకటి." దొరస్వామి గొంతు తగ్గించాడు. "నేను తిరుమలయ్యకు చేసినట్టు చెయ్యొద్దు. అన్నం వడ్డించక ముందే చెప్పు. నాయన లేచిపోవాలనుకుంటే లేచిపోనీ."